జనుము దున్నిన సగం చేను

1989 ఎండాకాలంలో నన్ను మండల వ్యవసాయాధికారిగా హత్నూరకు బదిలీ చేశారు. మండలాలు ఏర్పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. ఆఫీసంటే రెండు గదులు, అందులో ఒకటి విత్తనాల బస్తాలకే సరిపోయేది. నా పైన సంగారెడ్డిలో సహాయ సంచాలకులు, నా కింద పల్లెలు తిరిగే విస్తరణాధికారులు ఉండేవారు. ఒక్కో పల్లెకు వారంలో ఒక రోజు కేటాయించి, ఆ రోజు తప్పనిసరిగా అక్కడికి వెళ్లాలన్నది అప్పటి పద్ధతి.

నేను చేరిన కొద్ది రోజులకే సంగారెడ్డి నుంచి ఒక పని అప్పగించారు. ఇసుక పాలు ఎక్కువుండే ఎర్ర చల్క నేలల్లో జనుముతో ప్రదర్శన క్షేత్రాలు వేయించాలి. అంటే రైతు సొంత పొలంలోనే, మా సలహాతో ఒక పద్ధతిని చేసి చూపించాలి. పంటకూ పంటకూ మధ్య నేల ఖాళీగా ఎండుతుంది. తొలి వానకు పైమట్టి కొట్టుకుపోతుంది. ఆ ఖాళీ రోజుల్లో జనుము ఒత్తుగా చల్లితే అది నేలను కప్పి ఉంచుతుంది. పూత మొదలవగానే దాన్ని పొలంలోనే కలియదున్నితే కుళ్లి ఎరువవుతుంది. కాగితం మీద చాలా తేలికైన పని.

పల్లెల్లో అంత తేలిక కాలేదు. కొందరు విత్తనం తీసుకుని, పైరు ఎదిగాక పశువులకు కోసి వేశారు. ఇంకొందరు నార కోసం ముదరనిస్తామన్నారు. తినడానికీ అమ్మడానికీ పనికిరాని దాన్ని పెంచి మట్టిలో కలపమంటే ఎవరికైనా అనుమానమే కదా.

ఆ అనుమానాన్ని దాచుకోకుండా అడిగినావిడ అంజమ్మ. ఆమె భర్త కిష్టయ్య పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. ఇస్నాపూర్‌లో తోటి కార్మికులతో కలిసి కిరాయి గదిలో ఉంటూ, సెలవు రోజున మాత్రం ఊరికి వచ్చేవాడు. చూసుకునేవాళ్లు లేక ఎడ్లను అమ్మేశారు. ఎడ్లతో పాటే ఇంటి పెంట ఎరువూ పోయింది. కొన్నేళ్లుగా యూరియా తప్ప ఆ చేను ఇంకేమీ ఎరగదు. వాన పడి ఎండ కాసిందంటే పైన పెచ్చు కట్టేది, మొలక దాన్ని చీల్చుకుని రాలేకపోయేది.

“ఉన్నమాట చెప్పు సార్. గిది నా చేనుకు ఎక్కువ అక్కరున్నదా, మీ ఆఫీసుకు ఎక్కువ అక్కరున్నదా?” అంది మొదటిరోజే.

రెండింటికీ అవసరమేనని చెప్పాను. ఆమె నవ్వింది. కానీ ఒప్పుకోవడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. ఆ భూమి కిష్టయ్యకూ, అతని అన్న మాణయ్యకూ ఉమ్మడిది. రోడ్డు పక్క భూముల కోసం ఒక కంపెనీ తరఫు మధ్యవర్తి ఆ మధ్యే ఊళ్లో తిరుగుతున్నాడు. మాణయ్యకు అమ్మేద్దామనే ఉంది. అతని వాదనలో న్యాయం లేకపోలేదు. మోకాళ్లు పనిచేయడం లేదు, కొడుకులు లేరు, ఏటేటా పంట తగ్గుతోంది. అయితే కంపెనీకి మొత్తం ముక్క కావాలి, అందుకు అన్నదమ్ములిద్దరూ సంతకం చేయాలి.

“ఈ వానకాలం ఒక్కటి ఆగు బావా. చేను ఏం చెప్తదో సూద్దాం,” అంది అంజమ్మ.

“సూద్దాం. చెప్పకపోతే మాత్రం ఇగ నన్ను ఆపొద్దు,” అన్నాడు మాణయ్య.

చేనును సగం చేశాం. బావి వైపు సగంలో జనుము చల్లాం. రోడ్డు వైపు సగాన్ని ఎప్పటిలాగే వదిలేశాం. బావి నీళ్లొక తడి, వేసవి జల్లులు రెండు మూడు పడేసరికి జనుము నడుము ఎత్తు పెరిగింది. పసుపుపచ్చని పూలు కనబడగానే, మొక్క త్వరగా కుళ్లడానికి సూపర్ ఫాస్ఫేట్ చల్లి, ట్రాక్టరుతో కలియదున్నించాం.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. దున్నిన జనుము కుళ్లాలంటే తేమ కావాలి. బావిలో నీళ్లు అడుగంటాయి. ఎట్టకేలకు వాన పడినప్పుడు అదును దాటిపోతోందని రెండు సగాల్లోనూ ఒకే రోజు మొక్కజొన్న విత్తాం. మొలక బాగానే వచ్చింది. మోకాలెత్తుకు చేరకముందే జనుము దున్నిన సగం మొత్తం పసుపుపచ్చగా మారింది. రోడ్డు వైపు సగం మాత్రం ముదురాకుపచ్చగా నిలబడింది. దారినపోయే ప్రతి మనిషికీ తేడా కనబడుతోంది.

మాణయ్య గట్టు మీద నిలబడి, “పచ్చటి దాన్ని దున్ని పసుపు పండించిండ్రు,” అన్నాడు. అందులో వెక్కిరింత కంటే నిరాశే ఎక్కువ వినిపించింది. మధ్యవర్తి మళ్లీ వచ్చి వెళ్లాడని కూడా చెప్పాడు.

అంజమ్మ పలుగు తెచ్చి నా ముందు పెట్టింది. “ఎందుకు గిట్లయిందో తవ్వి సూద్దాం సార్,” అంది.

తవ్వాం. జనుము కాడలు సగమే కుళ్లి, నల్లగా, పీచుపీచుగా ఉన్నాయి. మట్టి వాసన కూడా పుల్లగా ఉంది. విషయం నాకు తెలిసిందే, కానీ కంటితో అంత స్పష్టంగా అంతకుముందు చూడలేదు. ఎండు కాడలను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. మట్టిలో ఉన్నదాన్నే ముందు అవి తీసుకుంటాయి. అవి తిన్నన్నాళ్లు మొక్కజొన్నకు పస్తే. తర్వాత అవి చచ్చి, అదే నత్రజనిని మట్టికి తిరిగి వదులుతాయి. ఇదంతా ఆమెకు చెప్పాను.

“ఎన్నొద్దులు తింటయి సార్ అవి?”

“వానను బట్టి ఉంటుందమ్మా. ఇన్ని రోజులని నేను చెప్పలేను.”

ఆ సగానికి పైపాటుగా కొంచెం యూరియా వేద్దామన్నాను. సరేనంది. మధ్యలో కొన్ని సాళ్లు మాత్రం వేయకుండా వదిలేయమంది. అన్నింటికీ వేస్తే, బాగుపడ్డది యూరియా వల్లనో జనుము వల్లనో ఎరుక కాదు కదా అని ఆమె లెక్క. పరిశోధన క్షేత్రంలో మేం చేసే పనే అది.

ఆ వారం సెలవుకు వచ్చిన కిష్టయ్య ఆ సాళ్ల మధ్య తిరిగి, “మా కంపెనీల గూడ కొత్త మిషన్ పెడితే మొదట్ల మాల్ ఖరాబే వస్తది సార్. సెట్టింగ్ అయ్యేదాక అంతే,” అన్నాడు. గట్టు మీదున్న అన్న వైపు మాత్రం చూడలేదు.

యూరియా వేసిన సాళ్లు త్వరగానే తేరుకున్నాయి. వదిలేసినవి నెమ్మదిగా, ఒక్కో ఆకే రంగు మార్చుకుంటూ వచ్చాయి. పల్లెకు కేటాయించిన రోజు కాకపోయినా నేను ఏదో ఒక వంకతో అటు వెళ్లేవాణ్ణి. చూడకపోతే తోచేది కాదు. అంతలో మళ్లీ వాన ముఖం చాటేసింది. అప్పుడు ఊహించని తేడా కనబడింది. రోడ్డు వైపు సగంలో ఆకులు పొద్దున్నే చుట్టుకుపోయేవి. బావి వైపు సగంలో మధ్యాహ్నం దాకా విప్పుకునే ఉండేవి.

ఎందుకో చూడాలని అడుగు కోసేసిన నూనె డబ్బా ఒకటి పట్టుకెళ్లాను. దాన్ని మట్టిలోకి కొంచెం దిగగొట్టి, లోపల నీళ్లు పోసి, ఎంత సేపట్లో ఇంకుతాయో గమనించాలి. రోడ్డు వైపు సగంలో నీళ్లు చాలాసేపు అద్దంలా నిలిచాయి. బావి వైపు పోసిన నీళ్లు చూస్తుండగానే లోపలికి దిగిపోయాయి. అంజమ్మ చోటు మార్చి మళ్లీ పోసింది. పక్క చేన్లలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు వచ్చి చూశారు. ఒకావిడ కింద ఎలుక బొరియ ఉందేమోనని తవ్వించింది కూడా. బొరియ లేదు.

మాణయ్య దూరం నుంచి చూస్తున్నాడు. కాసేపటికి వచ్చి, “ఇటియ్యి,” అని చెంబు తీసుకున్నాడు. మోకాళ్ల నొప్పితోనే మెల్లగా కూర్చుని, డబ్బాను తనకు నచ్చిన చోట దిగగొట్టి నీళ్లు పోశాడు. అవి ఇంకేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత రోడ్డు వైపుకు నడిచి అక్కడా పోశాడు. ఆ నీళ్లు నిలిచే ఉన్నాయి.

“మా నాయిన ఉన్నప్పుడు చేనంత గట్లనే తాగేది,” అన్నాడు. “మళ్ల తాగుతదనుకోలే.”

కోత నాటికి దిగుబడుల్లో పెద్ద తేడా ఏమీ రాలేదు. జనుము దున్నిన సగం కొంచెం పైచేయి. యూరియా వేయకుండా వదిలిన సాళ్లు మాత్రం, ఎప్పటిలా యూరియా పడ్డ రోడ్డు వైపు సగంతో సమానంగా నిలిచాయి. పై అధికారికి రాసి పంపితే, ఇందులో ప్రత్యేకత ఏముందని అడిగారు. నాకూ, అంజమ్మకూ ఆ సాళ్లే ప్రత్యేకం.

మాణయ్య ఆ ఏడు సంతకం పెట్టలేదు. కంపెనీ రోడ్డుకు అవతలి భూమి కొనుక్కుంది. అలాగని అతను మనసు మార్చుకున్నాడని కాదు. రెండేళ్లకు అన్నదమ్ములు పంచుకున్నారు, రోడ్డు వైపు వాటాను అతను అమ్మేశాడు. అంజమ్మ ఆపలేదు. అడిగిన ఒక్క వానకాలానికి బదులు మూడు వానకాలాలు ఆగాడని ఆమే నాతో అంది. బావి వైపు ఆమె జనుము మానలేదు. ఆఫీసు విత్తనం ఎప్పుడూ అదును దాటాకే వస్తుందని గట్టు వెంట ఒక సాలు ముదరనిచ్చి, తన విత్తనం తనే కట్టుకునేది. నాకు బదిలీ అయ్యేనాటికి ఆ పల్లెలో జనుము వేసేవాళ్లు చాలావరకు ఆమె దగ్గరే విత్తనం తీసుకునేవారు.

ఆ తర్వాత పనిచేసిన మండలాలన్నిటిలో ప్రదర్శన క్షేత్రం ఎక్కడ వేయించినా సగం చేను పాత పద్ధతిలోనే ఉంచమనేవాణ్ణి. పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే రైతు మా మాట నమ్మాలి, లేదా కొట్టిపారేయాలి. ఇంకో సంగతి, మేం పదిమందినీ పిలిచి పొలం చూపించేది కోత రోజున. రైతు నిర్ణయం మాత్రం అంతకు చాలా ముందే, పైరు పసుపుపడ్డ రోజుల్లో జరిగిపోతుంది. అధికారి పొలంలో ఉండవలసింది అప్పుడు.