తిన్నవా అని అడగని ఊరు

మొయినాబాద్ చుట్టుపక్కల భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజుల్లోనే కనకమామిడి ఊళ్ళో సాయమ్మ చేతి వంటకు కూడా పేరొచ్చింది. సాఫ్ట్‌వేర్ కొలువుల వాళ్ళు ఊరి పొలాల్లో ఫాంహౌసులు కట్టుకుని శని, ఆదివారాలు దిగేవాళ్ళు. అలాంటి ఒక ఫాంహౌసులో వారానికి రెండు రోజులు సాయమ్మదే వంట. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. వారమంతా ఏసీ గదుల్లో కూర్చుని పొట్టలు పెంచుకున్న మహానుభావులు, పొట్ట తగ్గడానికి జొన్నరొట్టె మంచిదని ఎవరో చెబితే కార్లేసుకుని వచ్చి, ఒక్కొక్కరు ఆరేసి రొట్టెలు లాగించి పోయేవాళ్ళు.

"గిట్ల తింటే పొట్ట తగ్గదు సారూ, నా పిండి డబ్బా తగ్గుతది" అని సాయమ్మ మొహం మీదే అనేది. వాళ్ళు నవ్వి ఇంకో రొట్టె అడిగేవాళ్ళు. ఆమె నోటికి జంకనివాడు ఊళ్ళో లేడు, ఆమె వంట వద్దన్నవాడూ లేడు. వద్దన్న మనిషి ఇంట్లోనే తయారైంది. ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రవళిక.

చిన్నప్పుడు ఆ పిల్ల బుగ్గలు పొంగిన బూరెల్లా ఉండేవని ఇంటిల్లిపాదీ "బూరె" అని పిలిచేవారు. పదో తరగతిలో మార్కులు బాగా వస్తే గండిపేట వైపు ఒక కాలేజీలో ఇంటర్‌లో చేర్చారు. పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రానికి వచ్చేది. మొదటి ఏడు చలికాలంలో రాత్రి అన్నం మానేసింది. చదువుకోవాలి, కడుపు నిండితే నిద్రొస్తుందంది. తర్వాత పొద్దటి టిఫిన్ పోయింది. ఆ తర్వాత సాయమ్మ చేసిచ్చిన రొట్టెలు కొట్టంలో బర్రె ముందు దొరికాయి. ఆ ఇంట్లో ఆ ఏడు ఒళ్ళు చేసింది ఆ బర్రె ఒక్కటే. పిల్ల మాత్రం ఎండాకాలంలో కూడా చలి చలి అంటూ స్వెట్టర్ తొడుక్కుని తిరిగేది. ఒకరోజు బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయింది.

తల్లిదండ్రులు చేయని పని లేదు. ఊరి డాక్టరు టానిక్ రాశాడు. కామెర్లేమోనని పసరు తాగించారు, తాయెత్తు కట్టించారు. దిష్టి తీసిన మిరపకాయలు నిప్పులో వేస్తే ఘాటు రాలేదు గనుక దిష్టి గట్టిదేనని పక్కింటి ధనమ్మ తేల్చి చెప్పింది. సాయమ్మ బతిమాలింది, తిట్టింది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. ఆ చెయ్యిని తలుచుకుని తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో లెక్కలేదు.

చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కరుణమ్మ పిల్లతో గంటసేపు మాట్లాడి, పరీక్షలన్నీ చేయించి, తల్లిదండ్రులను కూర్చోబెట్టింది.

"ఇది పొగరు కాదమ్మా, రోగం. తిండి అంటే భయపడే రోగం. మీ తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. దీనికి తిండే మందు. రోజుకు ఆరు పూటలు ఆ మందు ఇయ్యవలసింది మీరే."

సాయమ్మకు ప్రాణం లేచొచ్చింది. "వంట నా పనే డాక్టరమ్మా. ఏం వండాల్నో చెప్పున్రి."

"వంట కాదమ్మా. పక్కన కూర్చునుడు మీ పని. తిట్టొద్దు, బతిమాలొద్దు, తిన్నదని మెచ్చుకోవద్దు. కంచం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోవాలె, మీరూ తినాలె. శ్రావణమాసం దాకా చూద్దాం. అప్పటికి బరువు ఎక్కకపోతే దవాఖానలో చేర్చుకోవాల్సిందే. ఇంటర్ రెండో ఏడు మాట అప్పుడు మర్చిపోవాలె."

మూడు నెలల గడువు. తిరుగు బస్సులో సాయమ్మకు అదే ఆలోచన. ఆమెకు అసలు కష్టం వంట దగ్గర లేదు, కూర్చోవడం దగ్గరే ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నలుగురితో కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదు. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, పొయ్యి దగ్గర నిలబడి గిన్నె అడుగున మిగిలింది తినడమే అలవాటు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరిదీ అదే తీరు. ఇప్పుడు ఆమె కూర్చుంటే వడ్డించేదెవరు?

"నేను లేనా?" అన్నాడు ఆమె మొగుడు యాదయ్య.

యాదయ్య గురించి చెప్పాలి. రెండెకరాల్లో టమాట, చిక్కుడు వేసి చేవెళ్ళ మార్కెట్‌కు తోలే రైతు. రెండుసార్లు వార్డు మెంబరుగా నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు, రెండోసారి ఏడంటే ఏడు ఓట్ల తేడాతో. నోరు మంచిది, చెయ్యే వంకర. పప్పు గరిటె కంచం మీదికి వచ్చేసరికి సగం చాప మీద పడేది. మజ్జిగ చెంబు వంచితే సాయమ్మ చీర తడిసేది. నలభై ఏళ్ళ వయసులో సాయమ్మ మొదటిసారి మొగుడి చేతి వడ్డన తిన్నది. తింటూ తింటూ వంకలు పెట్టింది. "ఏమయ్యా, అన్నం వడ్డిస్తున్నవా, పొలానికి ఎరువు చల్లుతున్నవా?"

మొదటి రోజు సగం రొట్టెకు గంటన్నర పట్టింది. ప్రవళిక ఏడ్చింది, "మీరు నాకు అమ్మాబాపులే కాదు" అంది, కంచం నెట్టేసింది. సాయమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, ఇంకో కంచం పెట్టించింది. మాట మింగడం ఆమెకు అన్నం మింగినంత సులువు కాదు. ఆ పూట తల్లీకూతుళ్ళలో ఎవరి అవస్థ ఎక్కువో చెప్పడం కష్టం.

అయినా రోజులు కదిలాయి. గంటన్నర గంటయింది. గంట ముప్పావు గంటయింది. ఎండాకాలం సెలవులయ్యాక, కాలేజీకి మధ్యాహ్నం యాదయ్య బండి మీద డబ్బా పట్టుకుపోయి, గేటు బయట చెట్టు కింద బిడ్డతో కూర్చుని తినేవాడు. పిల్ల మొహం కాస్త తేటపడింది. అదే కొంప ముంచింది.

ఒకరోజు ధనమ్మ వాకిట్లో ఎదురొచ్చి, మనసారా సంతోషపడి, "మొఖం జర నిండింది బిడ్డా! మంచిగ తింటున్నవ్ గదా?" అంది. అంతే. ఆ పూట ప్రవళిక కంచం ముట్టలేదు. మరునాడూ ముట్టలేదు. నిండిందన్న మాట ఆ పిల్ల చెవిలో లావయ్యావన్నట్టే మోగింది. బక్కచిక్కావన్నా బాధే, బాగయ్యావన్నా బాధే. మన ఊళ్ళలో మనిషి ఎదురైతే మొదటి మాట తిన్నవా, రెండో మాట ఒంటి మీద. ఆ రెండూ లేకుండా పలకరించడం ఎవరికీ రాదు. అది ప్రేమే, కాదనలేం. కానీ ఆ ప్రేమ వీధి చివరికి పోయే లోపల ఆ పిల్లకు పదిసార్లు గుచ్చుకునేది.

యాదయ్యలోని నాయకుడు లేచాడు. తెల్ల అంగీ తొడుక్కుని, చేతులు జోడించి, ఇల్లిల్లూ తిరిగాడు.

"అవ్వా, అన్నా, ఓటు కోసం రాలే. మా బిడ్డను తిన్నవా అని అడగొద్దు. బక్కగైనవనొద్దు, లావైనవనొద్దు, మంచిగైనవని అసలే అనొద్దు. డాక్టరమ్మ చెప్పింది."

"మరేం అడగాలె యాదయ్యా? ఎదురుపడితే మూగోళ్ళ లెక్క పోవాల్నా?" అని ధనమ్మ నిలదీసింది.

యాదయ్య మనసంతా పొలానికి కరెంటొచ్చే వేళ మీద ఉంది. మోటారు దగ్గరికి పోవాల్సిన టైమది. "కరెంటొచ్చిందా అని అడుగు పెద్దమ్మా" అని గడప దిగాడు.

ఊరు ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మరునాడు ప్రవళిక బస్టాపుకు పోయి వచ్చేలోపు దారి పొడుగునా అదే పలకరింపు. అంగడి దగ్గర అదే, పాలకేంద్రం దగ్గర అదే. సాయంత్రం కంచం ముందు కూర్చుని పిల్ల తలెత్తింది.

"బాపు, పొద్దుగాల నుంచి పన్నెండు మంది నన్ను కరెంటొచ్చిందా అని అడిగిన్రు. నేనేమన్న లైన్‌మన్‌నా?"

యాదయ్య గరిటె పట్టుకుని బిక్కమొహం వేశాడు. ఆ మొహం చూసి పిల్ల నవ్వింది. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన నవ్వు అది. సాయమ్మ కూడా పొలమారేదాకా నవ్వింది. నవ్వుల్లో నవ్వుగా రెండు రోజులుగా ముట్టని కంచం సగం ఖాళీ అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, యాదయ్య విషయంలో అది నిజమే. కాకపోతే కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకినట్టు, వారం తిరక్కుండానే పొలం నుంచి వస్తూ వాకిట్లోంచే "బిడ్డ తిన్నదా?" అని కేకేసిందీ ఆయనే. సాయమ్మ చీపురు చూపించింది.

శ్రావణం రానే వచ్చింది. ఊళ్ళో పోచమ్మ బోనాలు ఆదివారం, డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సింది ఆ తర్వాతి మంగళవారం. అంతకుముందుసారి తూచినప్పుడు బరువు కొంచెం ఎక్కి మళ్ళీ జారింది. పిల్ల ఇంకా తింటున్నది తల్లిదండ్రులు పక్కన ఉంటేనే, మందు మింగినట్టు కళ్ళు మూసుకుని. దవాఖాన సంచి సర్దాలా వద్దా అని శనివారం నాడు సాయమ్మ రెండుసార్లు సంచి తీసి రెండుసార్లు లోపల పెట్టింది. మూడోసారి తీసింది పెట్టె పక్కనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, ఉపవాసంతో బోనం వండింది. కొత్త బియ్యం, పాలు, బెల్లం. బోనం వంటకు ఒక కట్టుబాటు ఉంది. అమ్మవారికి ఎక్కేదాకా ఎవరూ నోట పెట్టరాదు. తీపి సరిపోయిందో లేదో కూడా చూడరాదు. ఎంగిలి పడితే ఆ వంట మొత్తం పనికిరాదు. ఈ పట్టింపులో సాయమ్మ ఊరందరి కంటే ఒక ఆకు ఎక్కువే. గిన్నె దించి, "పిల్లి రాకుండ జర చూడు బిడ్డా" అని ప్రవళికకు చెప్పి, కుండకు పసుపు పూయడానికి వాకిట్లోకి పోయింది. పిల్ల అప్పటికే బాపు పక్కన కూర్చుని తన పొద్దటి వంతు తిన్నది, ఏడుపు మొహంతోనే.

వేపకొమ్మలు పట్టుకుని తిరిగి వచ్చిన సాయమ్మ గుమ్మంలో ఆగిపోయింది. ప్రవళిక అటు తిరిగి నిలబడి ఉంది. వేళ్ళు గిన్నెలో ఉన్నాయి. వేడికి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. వేళ్ళు నాకి, మళ్ళీ గిన్నెలో పెట్టింది. ఎవరూ పెట్టలేదు, ఎవరూ పక్కన కూర్చోలేదు, ఎవరూ గడియారం చూడలేదు. ఆ పిల్లకు ఆకలేసింది, తింటున్నది.

సాయమ్మ గొంతులోకి మొదట వచ్చిన మాట "ఎంగిలి!" ఇరవై ఏళ్ళ పట్టింపు అది, ఊరికే పోదు. దాని వెనకే పిల్లను గట్టిగా పట్టుకుని ఏడ్వాలనిపించింది. తిట్టినా చెడుతుంది, మురిసినా చెడుతుంది. వేపకొమ్మలు గుమ్మం పక్కన పెట్టింది.

ప్రవళిక వెనక్కి తిరిగింది. మొహం పాలిపోయింది. "అమ్మా... చూసుకోలే. తెల్వకుండనే... అమ్మవారి బోనం ఎంగిలి చేసిన."

సాయమ్మ వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. రోజూ కూర మీద మూత తీసినప్పుడు అడిగే గొంతుతోనే అడిగింది.

"తీపి సరిపోయిందా?"

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. అక్కడ కోపం వెతికింది, దొరకలేదు. పెదవి చివర అంటుకున్న బెల్లాన్ని నాలుకతో అందుకుని, కొంచెం ఆలోచించి, "జర తక్కువైందమ్మా" అంది.

ఆకలి రుచి ఎరుగదంటారు. ఈ ఆకలికి రుచి కూడా తెలిసింది. సాయమ్మ లేచింది. మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చి, ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టి, బెల్లం ఒక గుప్పెడు ఎక్కువే వేసింది. కళ్ళు మండుతుంటే పొగ అనుకుంది. కట్టెలు మాత్రం బాగా ఎండినవే.

ఆనాటితో రోగం వదిలిందని చెబితే అది అబద్ధం. తర్వాత కూడా అలిగిన పూటలున్నాయి, జారిన నెలలున్నాయి, పూర్తిగా కుదుటపడడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. కానీ మంగళవారం నాడు డాక్టరమ్మ కాగితాలు చూసి, చేర్చుకునే మాట పక్కన పెట్టి, పిల్లను కాలేజీకి పోనిమ్మంది. అది తర్వాతి సంగతి.

ఆ ఆదివారం మాత్రం వీధిలో బోనాలెత్తుకున్న ఆడవాళ్ళంతా సాయమ్మ కోసం నిలబడిపోయారు. డప్పుల వాళ్ళు కొట్టి కొట్టి ఆపేశారు. యాదయ్య ఇంటికీ వీధికీ నాలుగు తిరుగుళ్ళు తిరిగి, సంగతి తెలిశాక కొట్టంలోకి పోయి కండువాతో కళ్ళు తుడుచుకుని వచ్చాడు. చివరికి సాయమ్మ నెత్తిన బోనంతో గడప దాటింది. వెనకాల ప్రవళిక బోనం మీది దీపానికి నూనె గిన్నె పట్టుకుని వచ్చి, తోటి పిల్లల్లో కలిసిపోయింది.

ధనమ్మ మండిపడింది. "ఏందే సాయమ్మా, గింతసేపా? పోచమ్మతల్లిని ఎండల నిలవెడ్తవా? ఎప్పుడు లేంది నీకేమైందే?"

సాయమ్మ ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేసింది. నెత్తిన బోనం కదలకుండా, ఆమె చెవికి మాత్రమే వినబడేట్టు చెప్పింది.

"ముందుగాల వండింది మా ఇంటి తల్లి తిన్నది పెద్దమ్మా. పోచమ్మకు మళ్ళ వండుకొచ్చిన."