చెలమ దగ్గర అడిగే మాట

మొన్న నందిగామలో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి ట్యాంకర్ తెప్పించారు. అందరికంటే ముందు దిగి రెండు బకెట్లు నింపుకొచ్చి, ఈ వయసులోనూ నన్ను మించినవాళ్ళు లేరని మురిసిపోతుంటే, అత్తగారి ఊరు పెనుగంచిప్రోలులో నా మొదటి వేసవి గుర్తుకొచ్చింది.

మా పుట్టిల్లు గుడివాడ వైపు, పెరటి వెనకే కాలవ పారే ఊరు. నేను కాపురానికొచ్చిన ఏడాది వానలు ముఖం చాటేసి, బావులెండి, మునేరు ఒట్టి ఇసకై మిగిలింది. మీలో మునేటి వైపు వాళ్ళకు తెలిసే ఉంటుంది, తెల్లవారేసరికి ఆడవాళ్ళందరం ఏట్లోకి దిగి, ఇసకలో మోచేతి లోతున చెలమలు తవ్వి, అడుగున ఊరిన నీళ్ళు కొబ్బరి చిప్పతో మెల్లగా తోడుకునేవాళ్ళం. చిప్ప ముంచేముందు ఎవరింట్లో బాలింత ఉందని అడగడం అక్కడి ఆనవాయితీ. ముందు ఆ ఇంటి బిందె నిండాలి.

మొదట్లో నాకివన్నీ ఏం తెలుసు? అత్తగారు ఊళ్ళో లేని రోజు ఒక్కదాన్నే వెళ్ళి, తేటగా ఊరిన చెలమొకటి కనిపిస్తే, కాలవలో ముంచినట్టు బిందె మొత్తం ముంచేశాను. అంచులు కూలి నీళ్ళన్నీ బురదయ్యాయి. అది పక్కింటి పిన్నిగారు చీకటితోనే లేచి తవ్వుకున్నదట. ఆ రోజు వాళ్ళమ్మాయికీ పసిగుడ్డుకీ పురిటి స్నానం, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు.

సిగ్గుతో ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ మాత్రం "కాలవూరి పిల్లవి, నీకేం తెలుసమ్మా! ఇట్టా కూర్చో, మళ్ళీ ఊరుద్దిలే" అని పక్కన కూర్చోబెట్టుకుని ఇసక తోడటం నేర్పింది. ఈలోగా మిగతావాళ్ళు తమ చెలమల్లోంచి తలా నాలుగు చిప్పలు తెచ్చి ఆవిడ బిందెలో పోశారు. నిండిన బిందె నేనే మోసుకెళ్ళి వాళ్ళ గడపలో దించాను. ఆ పసిగుడ్డు ఇప్పుడు జగ్గయ్యపేటలో టీచరు. కనిపించినప్పుడల్లా, నీ మొదటి స్నానం చెడగొట్టబోయింది నేనేనని చెప్పి నవ్విస్తుంటాను.

ఇప్పుడు మునేట్లో ఇసకే లేదు, లారీలకెత్తుకుపోయారు. చెలమ తియ్యడం మా కోడలికి చెప్పినా అర్థం కాదు.

ఇలా తలుచుకుంటూ కూర్చున్నానా, పనమ్మాయి వచ్చి చెప్పింది, మూడో అంతస్తు అమ్మాయి పురుడు పోసుకుని పదిరోజులే అయిందనీ, తోడెవరూ లేక కిందికి దిగలేకపోయిందనీ, ట్యాంకర్ ఖాళీ అయి వెళ్ళిపోయిందనీ. బకెట్ పట్టుకుని గబగబా మెట్లెక్కాను. మనుషులు మారిపోయారని ఇన్నాళ్ళూ సణుగుతూనే ఉన్నాను. ఆ పూట ట్యాంకర్ దగ్గర అందరికంటే ముందు నిలబడి కూడా, ఆ ఒక్క మాట నేనే అడగలేదు.