చెంగల్రాయులు కూర్చోగలిగిన కారు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు, ఉగాది వెళ్లిన వారంలో, చిత్తూరు శివార్లలోని మా ధర్మాసుపత్రిలో నన్ను ఇంటివైద్య విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను సీనియర్ ఫిజియోథెరపిస్టును. పదవీ విరమణకు మరో మూడేళ్లుంది. విభాగం అంటే మేం ముగ్గురమే: నేను, మేరీ సిస్టరు, డ్రైవరు జయరాం.

మంచం దిగలేని రోగుల ఇళ్లకు మేమే వెళ్లేవాళ్లం. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి ఎముక విరిగిన ముసలివాళ్లు. మేరీ సిస్టరు పడకపుండ్లకు కట్లు మార్చేది, మూత్రం పైపు మార్చేది. నేను బిగుసుకుపోయిన కీళ్లను కదిలించి, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం నేర్పేదాన్ని. ఇలా మారడాన్ని మా వృత్తిలో ట్రాన్స్‌ఫర్ అంటాం. కాళ్లు పని చేయని మనిషి స్వతంత్రం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మా దగ్గర ఉన్నది ఏడుగురు కూర్చునే పాత డీజిలు బండి. నెలలో సగం రోజులు మెకానిక్ షెడ్డులోనే ఉండేది. ఒకరోజు పాలనాధికారి గారు పిలిచి, బండి ఖర్చు విభాగాన్నే మింగేస్తోందన్నారు. తక్కువ ఖర్చుతో నడిచే కారు ఏదో తేల్చి నెలాఖరులోగా సిఫారసు రాసివ్వాలని, లేకపోతే వారానికోసారి వెళ్లే ఇళ్లకు నెలకోసారే వెళ్లాల్సి వస్తుందని చెప్పారు. పడకపుండు నెల ఆగదు. వారంలో మానిపోయేది నెలలో ఎముక దాకా పోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చేతిలో డబ్బు లేని మనిషి మాట అది.

మా ఆసుపత్రిలో ఏది కొనాలన్నా ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ ఉండాలి. బండిలో తిరిగేది మేమే కాబట్టి మమ్మల్నే కమిటీగా వేసి, నన్ను అధ్యక్షురాలిని చేశారు. అప్పటిదాకా నేను కొన్న వాహనం ఒక్క స్కూటరే.

జయరాం మొదటి మాట డీజిలు. "డీజిలు బండి మైలేజీ ఎంతైనా ఇస్తాది మేడం. నా సర్వీసంతా డీజిలే గదా" అన్నాడు. అయితే కొత్త డీజిలు బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుందని, అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు దూరాలు ఆగకుండా నడపాలని షోరూంలో చెప్పారు. మేం పల్లెకు పల్లెకు మధ్య ఆగుతూ పోయేవాళ్లం. ఆ బండి మాకు పనికిరాదు. సీఎన్‌జీ చవకే, కానీ గ్యాసు సిలిండరు డిక్కీలో సగం ఆక్రమిస్తుంది. మా చక్రాల కుర్చీ, కట్ల డబ్బాలు, నీళ్ల పరుపులు ఎక్కడ పెట్టాలి? చివరికి రెండే మిగిలాయి: చిత్తూరులో చూసిన చిన్న పెట్రోలు కారు, తిరుపతిలో చూసిన చిన్న కరెంటు కారు.

కరెంటు కారు నడిపే ఖర్చు పెట్రోలులో నాలుగోవంతు కూడా కాదని పాలనాధికారి గారికి దాని మీద మోజు. కానీ కొనే ధర బాగా ఎక్కువ. రోజూ చాలా దూరం తిరిగేవాళ్లకైతే ఆ తేడా పెట్రోలు మిగులులో తిరిగొస్తుంది. మేం తిరిగేది కొద్ది దూరమే. లెక్క ఎన్నిసార్లు వేసినా పెట్రోలు కారే గెలిచేది. సిఫారసు దాదాపు రాసేశాను కూడా. అయితే షోరూం వాళ్లు నడిపి చూడమని ఇచ్చే బండిని మా దారుల్లోనే ఒకరోజు తిప్పి చూశాకే సంతకం పెడదామనుకున్నాం.

ఆ దారిలోనే, పూతలపట్టుకు కాస్త లోపలగా ఉన్న పల్లెలో చెంగల్రాయులు ఇల్లు. నలభై దాటిన మనిషి, మామిడికాయల లారీ డ్రైవరు. లోడు మీద టార్పాలిన్ పట్ట కడుతూ జారిపడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. రెండేళ్లుగా ఆయన ఇల్లు దాటింది అంబులెన్సులో పడుకునే. భార్య కుప్పమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయేది. ఆయన చేతులు మాత్రం ఉక్కు. కుర్చీలోకి ట్రాన్స్‌ఫర్ నేను నేర్పిన అందరికంటే ముందే నేర్చుకున్నాడు.

కొత్త కారు శబ్దం విని మంచం మీద నుంచే కేకేశాడు. "ఏం బండి మేడం అది? ఎంత ఇస్తాదంట? నన్నొకసారి కూసోబెట్టండి, నేను చెప్తా."

ఆయన పడకపుండు మాని మూడు నెలలు దాటింది. పడుకున్నప్పుడూ కూర్చున్నప్పుడూ రక్తపోటు చూశాను. ఎక్కువ కాలం పడుకున్న మనిషిని నిటారుగా కూర్చోబెడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆయనకు తేడా పెద్దగా రాలేదు. సరేనన్నాను. కుర్చీని ముందు సీటు పక్కన ఏటవాలుగా నిలిపి, బ్రేకు వేసి, చేతి ఆసరా తీసి, తొడ కింద జారుడు పలక పెట్టాం. ఆ పలక ఒక చివర కుర్చీ మీద, ఇంకో చివర కారు సీటు మీద ఉంటుంది. మనిషి చేతుల మీద బరువు మోపి దాని మీదుగా జరుగుతాడు. కారు సీటు కుర్చీకంటే బాగా కిందికి ఉంది. లోపలికి సులువుగానే జారాడు.

బయటికి రావడమే కష్టమైంది. అది ఎత్తుకు ఎక్కడం. మూడుసార్లు ప్రయత్నించాడు. ముఖమంతా చెమట. చుట్టుపక్కలవాళ్లు గుమిగూడారు. చివరికి పక్కింటివాళ్లిద్దరు వచ్చి జయరాంతో కలిసి ఆయన్ని ఎత్తి కుర్చీలో పెట్టారు. పంచె జారితే కుప్పమ్మ పరుగున వచ్చి సర్దింది.

"మీ కారు బేరానికి మా ఆయన్నే కొలబద్ద చేసినారా మేడం? కాళ్లు లేకుంటే మానం కూడా ఉండదా?" అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

చెంగల్రాయులు కుర్చీని గోడ వైపు తిప్పుకుని, "ఇంక ఆ ఊసు ఎత్తొద్దండి. నేను ఈడ్నే బాగుండా" అన్నాడు.

తర్వాతి వారం కరెంటు కారు వంతు. తిరుపతి నుంచి జయరామే నడుపుకొచ్చాడు. చెంగల్రాయులు ఇంటి ముందు ఆపాం గానీ, కారు గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. కీళ్లకు వ్యాయామం చేయించి చేతులు కడుక్కుంటుంటే కుప్పమ్మ వాకిట్లో ఆ కారు తలుపు తెరిచి చూస్తోంది. బ్యాటరీని నేల కింద అమర్చడం వల్ల ఆ కారు సీట్లు ఎత్తుగా ఉంటాయి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఖాళీ చక్రాల కుర్చీని తోసుకొచ్చి సీటు పక్కన నిలిపి, రెండింటి మీదా అరచెయ్యి ఆనించి చూసింది.

"ఇది సమంగా ఉండాదే" అని లోపలికొచ్చింది. "ఇదో, లెయ్. మొన్నటిది గుంతలోకి దిగినట్టు ఉన్నింది. ఇది అట్ల లేదు."

"మళ్లీ ఊరంతా మోయాల్నా?"

"ఊరు మోయదు. మోయాల్సొస్తే నేను మోస్తా. ఫ్యాక్టరీలో నీకంటే బరువు బుట్టలు మోసేదాన్నే."

ఆయన నా వైపు చూశాడు. నేను మళ్లీ రక్తపోటు చూశాను. స్పర్శ లేని చర్మం గీసుకుపోయినా ఆయనకు తెలియదు కాబట్టి తలుపు అంచు మీద తువ్వాలు మడిచి వేశాను. పలక పెట్టాం. ముందుకు వంగి, మోచేతులు నిటారుగా చేసి, నాలుగు జరుగుళ్లలో సీట్లోకి వెళ్లాడు. "దిగేది కూడా ఇప్పుడే సూస్తా" అని, ఎవరూ చెయ్యి వేయకుండానే తిరిగి కుర్చీలోకి వచ్చాడు. కుప్పమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. మళ్లీ లోపలికి జరిగి, "యాడికి పోదాం?" అని అడిగాడు.

జయరాం మీట నొక్కాడు. చప్పుడు లేదు. "స్టార్టు కాలేదా?" అన్నాడు చెంగల్రాయులు. అప్పటికే బండి కదిలిపోయింది.

కుర్చీని ఇంటి దగ్గరే ఉంచి పూతలపట్టు కూడలి దాకా వెళ్లాం. కుప్పమ్మ, మేరీ సిస్టరు, నేను వెనక సీట్లో. దారి పొడుగునా ఆయన ఎదురొచ్చే ప్రతి లారీ నంబరు పలకనూ చూస్తున్నాడు. కూడలిలో టీ అంగడి ముందు ఆపగానే, పక్కన లారీ ఆఫీసు నడిపే మునస్వామి పరుగున వచ్చాడు. ఇద్దరూ పాతికేళ్ల స్నేహితులట.

"ఒరే చెంగా! ఎప్పుడు వచ్చినావురా?"

"ఇప్పుడే. నాకు దిగేదానికి లేదు, నువ్వే టీ తీసుకోని రా."

మునస్వామి టీ తెచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. మామిడి సీజను మొదలవుతోంది, ఏ తోటకు ఏ లారీ పంపాలో, ఏ డ్రైవరు ఏ దారిలో పోతాడో తెలిసిన మనిషి లేక తల తిరిగిపోతోందన్నాడు. ఫోను పట్టుకుని ఇంట్లో కూర్చునే ఆ పని చూడగలవా అని అడిగాడు. చెంగల్రాయులు టీ తాగడం పూర్తిచేసి, "కుప్పమ్మను అడిగి చెప్తా" అన్నాడు. వెనక సీట్లో నుంచి ఆమె వెంటనే, "చేస్తాడు లే అన్నా" అంది.

తిరిగి వస్తుంటే నాకు మా లెక్కలోని పొరపాటు తెలిసింది. పరీక్షలకో, కట్లకో ఆసుపత్రికి రావాల్సిన ప్రతి రోగికీ మేం అద్దె అంబులెన్సు పంపేవాళ్లం. ఆ ఖర్చు వేరే పద్దులో ఉండడంతో బండి లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. వాళ్లలో పడుకునే రావాల్సినవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు, ఎత్తు సరిపోయే కారుంటే, కూర్చునే రాగలరు. అలా తీసుకొస్తే అంబులెన్సు అద్దె చాలావరకు తగ్గుతుంది. కారు తిరిగే దూరం పెరుగుతుంది. దూరం పెరిగేకొద్దీ కరెంటు కారు ధర తొందరగా తిరిగొస్తుంది.

సిఫారసు మళ్లీ రాశాను. పాలనాధికారి గారు రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి చూసి, ఒప్పుకుంటూనే రెండు షరతులు పెట్టారు. కారు వైద్యం పనికే వాడాలి. ఏడాది తర్వాత ఖర్చు మళ్లీ చూడాలి. రెండూ న్యాయమైనవే.

ఇబ్బందులు లేకపోలేదు. మే నెల ఎండలో ఏసీ వేస్తే ఒక్క చార్జికి తిరిగే దూరం తగ్గేది. దూరపు పల్లెలన్నీ ఒకే రోజు పెట్టుకుని, పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నానికి ఆసుపత్రి షెడ్డులో చార్జికి పెట్టేలా వారాన్ని మార్చుకున్నాం. డీజిలంటే ప్రాణం పెట్టే జయరాం కొన్నాళ్లకు ఇంకెవరినీ ఆ కారు ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఏడాది తర్వాత ఖర్చు చూసినప్పుడు మా వారపు సందర్శనలు ఒక్కటీ తగ్గించాల్సిన అవసరం రాలేదు.

చెంగల్రాయులు ఆ సీజనంతా ఫోనులోనే లారీలు నడిపాడు. మా కారులోనే ఆసుపత్రికి వచ్చి నడుము పైభాగం నిలకడకు వ్యాయామం చేసేవాడు. తర్వాతి ఏడు పక్కచక్రాలు బిగించిన, అన్నీ చేత్తోనే నడిపే స్కూటరు మీద తానే కూడలికి పోవడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆయన పేరును ఇంటివైద్యం జాబితా నుంచి తీసేశాం. మా విభాగంలో పేరు తీసేయడం సాధారణంగా మంచి వార్త కాదు. ఇది మంచి వార్త.

రిటైరయ్యాక కూడా ఏ కారు కొనాలని బంధువులు నన్ను అడుగుతుంటారు. అందులో ఎవరు కూర్చుంటారు, ఎలా ఎక్కుతారు, ఎలా దిగుతారు అని ముందు అడుగుతాను. మైలేజీ గురించి ఆ తర్వాత మాట్లాడతాను. ఒక కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో షోరూంలో చెబుతారు. ఆ కిలోమీటరుతో ఎవరి పని జరుగుతుందో కొనేవాళ్లే చూసుకోవాలి. రెండూ కలిపితేనే నడిపే ఖర్చు తెలుస్తుంది.