పంపు పిడి క్లిఫర్డ్ జేబులో ఉంది

ఆర్నాల్డ్ సగ్డెన్ యార్క్‌షైర్‌లో మా ఊరి ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. భార్య మ్యూరియల్ తమ్ముడు క్లిఫర్డ్‌తో కలిసి పెరటి షెడ్డులో ఏళ్ళ తరబడి ఒక ఆవిరి ఇంజన్ తయారుచేశాడు. మోకాలెత్తు ఇంజన్. అయినా అసలుదే: బొగ్గు తింటుంది, నీళ్ళు తాగుతుంది, డజను మందిని కూర్చోబెట్టుకుని లాగుతుంది. ఇంజన్ ఆర్నాల్డ్ చేశాడు. దాని వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండర్ క్లిఫర్డ్ చేశాడు. క్లిఫర్డ్ కుళాయిల పనివాడు, నీళ్ళ సంగతి తనకే తెలుసనేవాడు.

అంతా పూర్తయ్యాక పేరు దగ్గర పేచీ వచ్చింది.

"మ్యూరియల్ అని పెడదాం," అన్నాడు ఆర్నాల్డ్.

"అది మా అక్క పేరు."

"నా పెళ్ళాం పేరు కూడా."

"రేపు క్లబ్బులో ప్రతివాడూ మ్యూరియల్ కారుతోందనీ, మ్యూరియల్ గొట్టాల్లో మసి దులపాలనీ అంటుంటే నేను చెవులెక్కడ పెట్టుకోను?"

మర్నాడు ఆర్నాల్డ్ ఇత్తడి పలక మీద పేరు చెక్కించి ఇంజన్‌కి బిగించేశాడు. క్లిఫర్డ్ వచ్చి చూశాడు, టెండర్ని తన వ్యానులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతటితో ఇద్దరికీ మాటలు పోయాయి.

మ్యూరియల్‌ని ఎవరూ అడగలేదు. సంగతి తెలిశాక ఆవిడ, "పేరు మాట సరే, వంటింట్లో కుళాయి సగం విప్పి వదిలేశాడు వాడు," అంది.

టెండర్ లేని ఇంజన్ కదలదు. ఇంజన్ లేని టెండర్ ఒట్టి రేకు డబ్బా. ఆదివారాలు పార్కులో మా బుల్లి రైళ్ళ క్లబ్బు పట్టాల దగ్గర పిల్లలు వరస కడతారు, వాళ్ళని తిప్పడానికి ఇంజన్లు చాలవు. అందుకని మా కార్యదర్శి బెరిల్ ఇద్దరిళ్ళకీ తిరిగి రాజీ కుదిర్చింది. ఆర్నాల్డ్ ఇంజన్ తెస్తాడు. క్లిఫర్డ్ టెండర్ తెస్తాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండూ తగిలిస్తారు. ఆర్నాల్డ్ ముందు కూర్చుని నడుపుతాడు. క్లిఫర్డ్ ఆకుపచ్చ జెండా పట్టుకుని గార్డుగా చివర కూర్చుంటాడు, టెండర్ తన కళ్ళెదుట ఉంటుందని.

టెండర్లో ఒక చేతి పంపు ఉంది. బాయిలర్లోకి నీళ్ళు ఎక్కించే ఇంజెక్టర్ మొరాయిస్తే దానితో కొట్టుకోవాలి. దాని పిడి ఊడివస్తుంది. క్లిఫర్డ్ ఆ పిడిని కోటు జేబులో పెట్టుకునేవాడు.

"నా పంపు పిడి నా దగ్గరే ఉంటుంది," అని బెరిల్‌కి చెప్పాడు.

"దాంతో నాకు పని పడదు," అని ఆర్నాల్డ్ కూడా బెరిల్‌కే చెప్పాడు.

ఆగస్టులో ఒక ఆదివారం మా ఊళ్ళో ఎన్నడూ లేని ఎండ కాసింది. టెండర్లో నీళ్ళు వేడెక్కిపోయాయి. వేడి నీళ్ళని ఇంజెక్టర్ తీసుకోదు, బయటికి ఉమ్మేస్తుంది. బండి పార్కు అవతలి అంచుకి చేరేసరికి బాయిలర్ గాజు గొట్టంలో నీటిమట్టం అడుక్కి దిగింది. ఆర్నాల్డ్ బండి ఆపాడు. నీళ్ళు కంటికి కనబడకుండా పోతే, బాయిలర్ కాలిపోకుండా నిప్పంతా పట్టాల మధ్య దించేయాలి, జనాన్ని నడిపించి పంపాలి. ఆ మాట క్లబ్బులో చచ్చేదాకా అంటారు.

ఆర్నాల్డ్ వెనక సీటు నాది.

"చివరాయన్ని పిడి అడుగు," అన్నాడు నాతో, తల తిప్పకుండా.

నేను నా వెనకాయనకి చెప్పాను. ఆయన తన వెనకావిడకి చెప్పాడు. మాట అలా తోకదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"నా దగ్గర బిడ్డ లేదు, జెండా ఉందంటున్నారు," అన్నాడు నా వెనకాయన.

"బిడ్డ కాదు, పిడి. పంపు పిడి."

మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. "అడుగుతున్నది ఎవరట?"

"ఇంజన్ అడుగుతోందని చెప్పు," అన్నాడు ఆర్నాల్డ్.

ఈసారి జవాబు త్వరగా వచ్చింది. "ఏ ఇంజనో పేరు చెప్పమంటున్నారు."

ఆర్నాల్డ్ గాజు గొట్టం వంక చూస్తూ ఉండిపోయాడు.

మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుంది, ఒళ్ళో సంచీ, చేతిలో ఐస్‌క్రీం. "నేను మనవరాలిని తిప్పడానికొచ్చాను, మీ ఇద్దరి కబుర్లు మోయడానికి కాదు," అంది. "అబ్బాయ్, ముందాయనా, నీకు మెడ తిరగదా?"

డెబ్బై దాటిన ఆ అబ్బాయి మెడ తిప్పాడు.

"క్లిఫర్డ్," అన్నాడు. "నీళ్ళు అడుక్కెళ్ళిపోయాయి."

క్లిఫర్డ్ అప్పటికే దిగేశాడు. గడ్డిలో నడుచుకుంటూ వచ్చి, టెండర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి పిడి తీసి బిగించి కొట్టడం మొదలుపెట్టాడు.

"ఎంతొచ్చింది?"

"ఇంకా రాలేదు. కొట్టు."

"ఎండకి నీళ్ళు కాగుతాయని తెలీదా నీకు?"

"టెండర్‌కి నల్లరంగు వేసిందెవరు?"

"కొట్లో నల్లరంగే మిగిలింది."

"సగానికొచ్చింది. కొట్టు."

"కొడుతున్నాగా."

"ఇక బయల్దేరతామా?" అంది పెద్దావిడ. తన ఐస్‌క్రీం కూడా ఆవిడే తినేసిందని మనవరాలు ఏడుస్తోంది.

క్లిఫర్డ్ మళ్ళీ బండి చివరకి వెళ్ళలేదు. నన్ను గార్డు సీటుకి పంపి, నా చోట కూర్చుని స్టేషన్ దాకా పంపు కొడుతూనే వచ్చాడు. చివరినుంచి నాకు మాటలు వినబడలేదు కానీ ఇద్దరి తలలూ ఊగుతున్నాయి.

సాయంత్రం నిప్పు దించి, బూడిద ఊడుస్తూ ఆర్నాల్డ్ నాతో, "బాయిలర్‌కి భయపడలేదు నేను," అన్నాడు. చీపురు ఆపి, "పిలిచాక రాకపోతే ఏం చెయ్యను, అదీ భయం," అన్నాడు. మళ్ళీ ఊడవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఆదివారం క్లిఫర్డ్ మధ్యాహ్న భోజనానికి అక్కగారింటికి వెళ్ళాడు. గొడ్డుమాంసం ముక్కలు కోస్తున్నంతసేపూ బావా బావమరుదులు ఇంజెక్టర్ని ఎటువైపు మార్చాలో కొట్లాడుకున్నారట. పులుసు చల్లారిపోయినా చూసుకోలేదట.

"ఇన్నాళ్ళూ ఆదివారం పూట ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది," అంది మ్యూరియల్ నాతో. "నాకదే అలవాటైపోయింది. ఇద్దరినీ నోరు మూసుకోమని అరిచాను."

"మూసుకున్నారా?"

"లేదు. తమ్ముడి కంచంలో ఇంకో రెండు బంగాళాదుంపలు వేసి రేడియో పెంచుకున్నాను."