మా చెల్లెకు నేను వేసిన మూడు మార్కులు

మీరెప్పుడైనా ఒక మనిషి పేరు ఎదురుగా సున్నా వేసి, వేసినందుకు గర్వపడ్డారా? నేను పడ్డాను. ఆ మనిషి నా సొంత చెల్లెలు కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడ్డాను.

రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి. నాకు ఇరవై నాలుగేళ్లు. నేను నమ్మనివాటి జాబితా అప్పట్లో చాలా పొడుగ్గా ఉండేది. దేవుణ్ని నమ్మను, జాతకాన్ని నమ్మను, దుకాణం గుమ్మానికి వేలాడే నిమ్మకాయను నమ్మను. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు హేతువాద మిత్రులతో ఊరూరా తిరిగి, నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదని నడిచి చూపించినవాణ్ని (అరికాలు బొబ్బలెక్కింది, ఆ సంగతి సభలో చెప్పలేదు). నమ్మేది ఒక్కటే, లెక్క. దానికి తగ్గ ఉద్యోగమే హైదరాబాద్‌లో దొరికింది. విదేశాల్లో ఆడే రగ్బీ మ్యాచ్‌ల వీడియోలు మా ఆఫీసుకు వచ్చేవి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకడు ఉరుకుతాడు, ఇంకొకడు వాణ్ని పట్టి పడేస్తాడు. ఆ పడేయడాన్ని టాకిల్ అంటారు. ఎవరు ఎంత దూరం ఉరికారు, ఎన్ని టాకిళ్లు చేశారు, ఎన్ని జారవిడిచారు అన్నది వీడియోను ఆపి ఆపి కంప్యూటర్‌లో నొక్కాలి. చివరికి ఒక్కో ఆటగాడికి పదికి ఇన్ని మార్కులని తేలుతుంది. రగ్బీ బంతిని ఒక్కసారి కూడా చేత్తో ముట్టని నేను, దేశాల తరఫున ఆడే వీరులకు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మార్కులు వేసేవాణ్ని. నీలి జెర్సీలో ఒక పదమూడో నంబర్ ఆటగాడు ఉండేవాడు. మ్యాచ్ మొత్తంలో వాడి ఖాతాలో పడ్డ టాకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వ్యాఖ్యాతలు వాణ్ని పొగుడుతుంటే పూజారి మంత్రాలు విన్నట్టే విని, నవ్వుకుని, మూడు మార్కులు వేశాను.

మాది నకిరేకల్ దగ్గరి పల్లె. బాపు గొర్లు కాసేవాడు, అమ్మ (మేం అవ్వ అంటాం) వెంట పోయేది. చెల్లె గురుకులంలో పదో తరగతి చదువుతూ, జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీలో దిగింది. జిల్లా జట్టుకు ఇరవై మంది పిల్లలు పోటీ పడితే, ఆడేవాళ్లు, బదులు దిగేవాళ్లు కలిపి పన్నెండు మందిని తీసుకోవాలి. బడి తరఫున తనకు అదే చివరి అవకాశం. ఎంపిక ఆటను వాళ్ల పీఈటీ సారు సెల్‌ఫోన్‌లో తీసి నాకు పంపించి ఫోన్ చేశాడు. "తమ్మీ, నువ్వు దేశదేశాలోళ్లకు మార్కులేస్తవంట గద. నా కండ్లకు అందరు పిల్లలు ఒక్కతీరే కొడ్తున్రు. జర మావోళ్లకు గుడ వెయ్యి." ఆయన పక్కనుంచి చెల్లె ఫోన్ అందుకుంది. "అన్నా, నన్ను చెల్లె అని సూడకు." సూడనన్నాను. "ఆట మాత్రం మొత్తం సూడు." అదీ సూస్తానన్నాను. మొదటి మాట మీద గట్టిగా నిలబడ్డాను. రెండోదాని విషయంలో, అందరు నిపుణుల లాగే, బంతి ఎక్కడుంటే అక్కడే చూశాను.

చెల్లె మైదానం ఒక అంచున నిలబడింది. ముందుకు రెండడుగులు, పక్కకు రెండడుగులు. ఆట మొత్తంలో ఒకే ఒక్క టాకిల్‌కు పోయింది. అదీ జారింది. ఒకటికి సున్నా, అంటే టాకిళ్లలో విజయం సున్నా శాతం. మొత్తం మీద పదికి మూడు, ఇరవై మందిలో పదిహేనో స్థానం. చెల్లె కదా అని అర మార్కు కూడా కలపలేదు. పైగా సారుకు పంపిన పట్టిక కింద ఒక వాక్యం రాశాను: 'అంకెలు అబద్ధం చెప్పవు, వాటికి చుట్టరికం లేదు.' ఆ వాక్యం రాసినప్పుడు కలిగిన ఆనందం నిప్పుల మీద నడిచినప్పుడు కూడా కలగలేదు.

రెండు వారాలకు చెల్లె సెలవు మీద ఇంటికొచ్చింది. నేనూ వెళ్లాను. మొఖం పక్కకు తిప్పుకునే నాకు అన్నం పెట్టింది. "ఏందిరా, పిల్ల మొఖం గట్ల పెట్టింది?" అని బాపు అడిగాడు. జరిగింది చెప్పాను, కొంచెం ఛాతీ విరుచుకునే చెప్పాను. చెల్లె మధ్యలో అందుకుంది. "బాపూ, అన్నకు దేవుడు లేడు గని పట్టిక ఉంది. దానికే మొక్కుతడు." బాపు నవ్వలేదు. "ఆ ఆట నాకు సూపియ్యి" అన్నాడు.

లాప్‌టాప్ మంచం మీద పెట్టాను. రగ్బీ అంటే ఏమిటో వివరించబోతే చేత్తో ఆపాడు. ఆయన కళ్లు బంతి మీద లేవు. కాసేపయ్యాక అడిగాడు, "మన జీవాలను వరిచేన్ల నడుమ నుంచి తోలుకపోయేటప్పుడు గెట్టు మీద ఎవరు నిలబడేది?"

"అవ్వ."

"అవ్వ ఎన్ని గొర్లను పట్టి ఆపింది?"

"ఒక్కదాన్ని గుడ ఆపలే. ఆమెను సూసి అవే మళ్లేవి."

"మరి మీ అవ్వకు ఎన్నేస్తవ్?"

వాదనలో నేను ఎవరికీ అంత తొందరగా లొంగినవాణ్ని కాదు. పోలిక రుజువు కాదు బాపూ అన్నాను. "రుజువే కావాల్నా? బంతి పట్టుకున్న పిల్ల నీ చెల్లె దిక్కు వస్తుంటే ఆపు. ఎటు పోతదో నేను చెప్త" అన్నాడు. ఇది న్యాయమైన పరీక్ష. కాగితం తెచ్చుకున్నాను. ఆపాను. "లోపటికి మళ్తది." మళ్లింది. మళ్లీ ఆపాను. "మళ్తది." మళ్లి, నడిమిట్ల ముగ్గురి చేతుల్లో పడింది. పదకొండుసార్లు ఆపితే తొమ్మిదిసార్లు బాపు చెప్పిందే జరిగింది. చెల్లె కంచాలు కడగడం ఆపి మా వెనక నిలబడింది. జారిపోయిన ఆ ఒక్క టాకిల్ వచ్చినప్పుడు తనే అంది, "గదొక్కటి నాదే తప్పు. ముందుగాల ఉరికిన." తన తప్పును దాచకుండా చెప్పిన ఆ మాటకు నా పట్టికలో గడి లేదు.

సోమవారం ఆఫీసు ఎగ్గొట్టి, ఆ కాగితంతో గురుకులానికి పోయాను. పీఈటీ సారు మొత్తం చదివాడు. చదివి మడతపెట్టి నా చేతికే ఇచ్చాడు.

"లిస్టు పోయింది తమ్మీ."

"మార్చరాదా సార్?"

"ఏమని మార్చాలె? అంకెలు అబద్ధం చెప్పవని నువ్వే రాసిచ్చినవ్. గా కాగితాన్నే పైన అంటించి పంపిన."

జట్టు పోయింది, ఆడి వచ్చింది. చెల్లె పోలేదు. ఇప్పుడు నేను లెక్కను తిడతానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా తప్పును పట్టించింది కూడా లెక్కే, పదకొండింట తొమ్మిది. కాకపోతే దేన్ని లెక్కించాలో అడగకుండా లెక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. గుమ్మానికి నిమ్మకాయ కట్టేవాడికీ నాకూ తేడా లేదు. వాడు కనీసం వారానికోసారి నిమ్మకాయ మారుస్తాడు.

ఆఫీసుకు తిరిగి వచ్చాక నీలి జెర్సీ పదమూడో నంబర్‌ను మళ్లీ చూశాను, ఈసారి బంతిని వదిలేసి. వాడు నిలబడ్డ వైపుకు ఎవడూ రావడం లేదు. వచ్చినవాడు రెండడుగులు వేసి మళ్లిపోతున్నాడు. దేశం కాని దేశంలో మా అవ్వ నిక్కరేసుకుని గెట్టు మీద నిలబడ్డట్టే ఉంది. మా టీం లీడరక్కకు చెప్పాను. ఆమె శ్రద్ధగానే విని, "నువ్వు చెప్పేది నిజమే కావొచ్చు, దానికి కాలమ్ లేదు కదా" అంది. ఏ దేశపు కంప్యూటర్‌లోనో వాడికి ఆ మూడు ఇంకా అలాగే ఉండి ఉంటుంది.

చెల్లె ఇప్పుడు మహబూబ్‌నగర్ దిక్కు ఒక బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. మొన్న వెళితే తన నోటుబుక్కు చూపించింది. ఉరికిన దూరం, టాకిళ్లు, జారినవి, అన్నీ నా పట్టికలోవే. చివర్న ఒక గడి మాత్రం తన సొంతం. దాని పైన 'రానియ్యలే' అని రాసుంది. ఆ గడి నింపడానికి ఒక పిల్లను ఆట మొత్తం, బంతి వైపు తల తిప్పకుండా, చూస్తూ కూర్చోవాలట. "జర కష్టమే అన్నా, నీ అసుంటోళ్లతోని కాదు" అని నవ్వింది. అప్పటి నన్ను తలుచుకుని నేనూ నవ్వాను. బొబ్బలెక్కిన అరికాలితో, అర మార్కు కలపని చేత్తో, ఎంత ధీమాగా ఉండేవాడో.

మీ చేతిలోనూ ఒక పట్టిక ఉంటుంది. బడిలో పిల్లలదో, పనిలో మనుషులదో, ఇంట్లో ఆడవాళ్లదో. దాన్ని ఇవాళే తీయండి. అన్నిటికన్నా తక్కువ వేసింది ఎవరికో వెతకండి. రేపు పొద్దున్నే పోయి, ఆ మనిషి పని మొదలుపెట్టినప్పటి నుంచి ముగించేదాకా, చూపు తిప్పకుండా చూడండి. అప్పటిదాకా కలం ముట్టుకోకండి.