నెట్టు ఆంథోని

బూర్గంపాడులో ఇంటింటికీ ఇంటర్నెట్ పెట్టే నెట్టు ఆంథోని ఎవరింటికి పోయినా ముందు చాయ్ అడుగుతాడు. చెవి మీద పెన్సిల్, భుజాన కేబుల్ చుట్ట. "స్పీడు పెంచన్నా" అంటే నవ్వి, "స్పీడు సాలు, లోపల క్యూ పొడుగైంది" అంటాడు.

మొన్న విశ్రాంతమ్మ కాలు విరిగి మంచాన పడింది. ముప్పై ఏళ్లుగా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. రెండు ఆదివారాలు పాటలు చప్పగా సాగాయి. ఆంథోని చర్చి నుంచి ఆమె ఇంటికి నెట్టు కేబుల్ లాగి, మంచం పక్కన మైకు, చెవులకు హెడ్‌ఫోన్ అమర్చాడు. శనివారం పాడి చూస్తే, చర్చిలో క్రిస్టోఫర్ కొట్టే తబలా ఆమెకు ఆలస్యంగా వినిపించి, ఆమె గొంతు అందరికన్నా వెనకబడింది. "వద్దు బిడ్డా, నా వల్ల అందరి పాట ఖరాబైతుంది" అంటూ ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది.

"ఒక్క గంట ఆగు పెద్దమ్మా" అని ఆంథోని చర్చి మెట్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. ప్రార్థనను ఫోన్లకు పంపే కెమెరా వీడియో రౌటర్‌లో కుప్పగా పేరుకుంటే, దాని వెనక తబలా చప్పుడు వంతు కోసం నిలబడుతోంది. ఆ క్యూ తగ్గించి, పాటకు ముందు దారి ఇచ్చాడు. మరీ తగ్గించేసరికి వీడియో నిలిచిపోయింది. కొంచెం పెంచాడు, మళ్లీ విన్నాడు. నాలుగోసారికి గొంతు, తబలా కలిశాయి.

ఆదివారం విశ్రాంతమ్మ మంచం మీంచే పాట ఎత్తుకుంది, చర్చి అంతా అందుకుంది. పాట అయిపోగానే స్పీకర్‌లోంచి ఆమె గొంతు గట్టిగా వినిపించింది.

"ఆంథోనీ, నెట్టు మంచిగున్నది. గా క్రిస్టోఫర్‌నే జర జల్దీ కొట్టమను!"