పర్మినెంటు అన్న మాట

మా అక్క తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. చేరి ఏడేళ్లయినా టెంపరరీనే. ఎప్పుడు రావద్దంటారో తెలియదు. బావ పోయాక ఆమెకూ, కూతురికీ అదొక్కటే ఆధారం. ఆ సంవత్సరం పాతవాళ్లను పర్మినెంటు చేస్తారని, ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలని చెప్పారట. తిరుచానూరు నుంచి బస్సెక్కి నేరుగా నా గదికి వచ్చింది. నేనప్పుడు యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాను. ఇంగ్లీషు ఎంత వచ్చిందో గానీ, పొగరు మాత్రం బాగా వచ్చింది.

“పర్మినెంటు సెయ్యమని రాయి, సాలు,” అంది అక్క.

నా కంటికి ఆ మాట ఆనలేదు. కండక్టరు మొదలు పూలమ్మే ఆమె దాకా అందరి నోటా నలిగిన మాట, నేనూ రాయడమా? ‘ఎవర్లాస్టింగ్’ ఉద్యోగం ఇప్పించవలసిందని రాశాను. చదివి వినిపిస్తే అర్థం కాకపోయినా మురిసిపోయింది, పిచ్చిది.

ఆఫీసులో గుమాస్తా దాన్ని పైకి చదివి, అలాంటి ఉద్యోగం కొండమీది స్వామికి తప్ప ఎవరికీ లేదన్నాడట. అందరూ నవ్వారట. మార్చి రాయించుకు రమ్మని కాగితం తిప్పి ఇచ్చాడు. ఆ సాయంత్రమే తెచ్చింది.

“యాడో తప్పుండాదంట, మార్సి రాయి అబ్బోడా,” అంది.

నాకు ఒళ్లు మండింది. వాడికి ఇంగ్లీషు రాదన్నాను. పరీక్షలున్నాయి, వచ్చే వారం చూద్దామన్నాను. పరీక్షలూ లేవు, పాడూ లేదు. తగ్గడం ఇష్టం లేదు, అంతే.

వారం తిరిగేలోగా పేర్లు పైకి వెళ్లిపోయాయి. అక్కతోబాటు చేరినవాళ్లంతా పర్మినెంటు అయ్యారు. అక్క కాలేదు.

అప్పుడు తీశాను డిక్షనరీ, చేతులు కాలాక. పర్మినెంటు లాటిన్ నుంచి వచ్చిందట; చివరంటా ఉండిపోవడమని దాని మూలార్థం. నేను రాసింది దేవుడికీ, పరలోకానికీ వాడే మాట. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్నే తిరుచానూరు వెళ్లి, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అక్క డ్యూటీకి బయలుదేరుతూ, తల దువ్వుకుంటూ అంతా విన్నది. తిట్టి ఉంటే ఇన్నేళ్లు ఇది మోసేవాణ్ణి కాదు.

“నేను రాయమనింది ఆ మాటే గదా అబ్బోడా,” అంది.